ఎదురు వలస: అనంతపురం కరువునేలలో అన్నే ఫెర్రర్ వైద్యసేవా ప్రస్థానం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అనంతపురం జిల్లా సాహిత్యంలోనూ జనజీవితంలోనూ వలస అంటే ఊరు విడిచిపోవడమే. అందుకు ఎదురు దిశలో, 1969లో అన్నే పెర్రీ అనే ఇంగ్లండు యువతి ఈ జిల్లాకు వచ్చి స్థిరపడి, గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ ద్వారా ఐదు దశాబ్దాలకు పైగా వైద్యసేవల నిర్వహణలో నిలిచారు. వైద్యవిద్య చదవని ఒక పాత్రికేయురాలు ఆసుపత్రుల నిర్వాహకురాలైన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగునాట అంతకుముందు వచ్చిన విదేశీ వైద్యుల చరిత్రతో దీనిని పోల్చుతుంది. సేద్యపు కాలానికీ చికిత్సాకాలానికీ నడుమ ఉన్న వైరుధ్యమే ఇక్కడి వైద్యవ్యవస్థకు దాని రూపాన్ని ఇచ్చిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనంతపురం, కరువు, వలస, అన్నే ఫెర్రర్, ఆర్డీటీ, బత్తలపల్లి, క్షయ, గ్రామీణ వైద్యం.

1. ఉపోద్ఘాతం

అనంతపురం జిల్లాలో తెలుగు బోధించే అధ్యాపకుడికి 'వలస' అనే మాటకు అర్థం చెప్పవలసిన అవసరం రాదు. డిసెంబరు దాటితే తరగతిలోని కొందరు విద్యార్థుల తల్లిదండ్రులు ఊళ్లో ఉండరు. బెంగళూరు భవన నిర్మాణాల దగ్గరో, కేరళలోనో ఉంటారు. ముసలివాళ్లు ఇంటికి కాపలా. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నుంచి సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి కథకుల దాకా ఈ ప్రాంత సాహిత్యానికి కరువే ప్రధాన వస్తువు. ఆ కరువు వెంట వచ్చేది వలస. అందుచేత ఈ నేల మీద వలసకు ఒకే దిశ ఉన్నదని, అది బయటికేనని మనం అలవాటుగా అనుకుంటాం.

ఈ వ్యాసం ఆ దిశకు ఎదురుగా జరిగిన ఒక ప్రయాణం గురించినది. బతుకుదెరువుకు ఎవరూ రాని చోటికి ఒక యువతి వచ్చారు, ఉండిపోయారు. ఆమె వైద్యురాలు కారు, నర్సు కారు. అయినా జిల్లాలోని పేద రోగులు ఏ ఆసుపత్రికి వెళ్లాలన్న ప్రశ్నకు గత రెండు మూడు దశాబ్దాలుగా వస్తున్న సమాధానాల్లో ముఖ్యమైన ఒకటి ఆమె నిర్వహణలో రూపుదిద్దుకున్నది. అన్నే ఫెర్రర్‌ను ఒక మహనీయురాలిగా కీర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ పని పత్రికలు, సభలు చేస్తూనే ఉన్నాయి. ఈ నేలకు ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఏమిటి, దానికి తగినట్టు వైద్యం తన రూపాన్ని ఎలా మార్చుకోవలసి వచ్చింది అన్నది ఇక్కడి ప్రశ్న.

2. పూర్వరంగం: వైద్యానికి దూరం

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అనంతపురం వైశాల్యంలో రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా, 19,130 చదరపు కిలోమీటర్లు. సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. 2011 జనాభా లెక్కల నాటికి నలభై లక్షలకు పైగా ఉన్న జనంలో నూటికి డెబ్బైరెండు మంది పల్లెల్లోనే ఉన్నారు. పెద్ద జిల్లా, చెదిరిన పల్లెలు, తక్కువ వాన. ఈ మూడూ కలిస్తే వైద్యం విషయంలో వచ్చే ఫలితం ఒకటే, దూరం.

ఆ దూరాన్ని పాలనాపరమైన సరిహద్దులు మరింత పెంచాయి. 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం ప్రత్యేక జిల్లా అయినప్పటికీ, పడమటి పల్లెలకు బళ్లారి దగ్గరి పట్నంగానే మిగిలింది. రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, రాయదుర్గం అనంతపురంలో చేరింది. వైద్య కళాశాల కర్నూలుకు 1957లో, బళ్లారికి 1961లో వచ్చింది. అనంతపురానికి రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. ఈ నాలుగు దశాబ్దాల ఎడం చిన్నది కాదు. ఆ కాలంలో జబ్బు ముదిరితే కర్నూలో, బళ్లారో, బెంగళూరో, వేలూరో పోవాలి. వైద్యం కోసం చేసే ప్రయాణం కూడా ఒక వలసే. దాని ఖర్చుకు గొర్రెలో ఎద్దులో అమ్ముడుపోతాయి, తిరిగి వచ్చాక అప్పు మిగులుతుంది. 1991లో పుట్టపర్తి సమీపాన ప్రశాంతిగ్రామంలో ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమైంది. గుండె, మూత్రపిండాల వంటి పెద్ద శస్త్రచికిత్సలకు అది పెద్ద దిక్కయింది. కానీ కాన్పుకు, విషజ్వరానికి, క్షయకు, పాముకాటుకు కావలసింది మరో రకం ఆసుపత్రి.

ఇతర ప్రాంతాల నుంచి, దేశాల నుంచి వచ్చి తెలుగునాట వైద్యం చేసినవారు అంతకుముందూ ఉన్నారు. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌ను మొదట మిషను వైద్యురాలిగా పంపలేదు, స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపింది. వైద్యం చేయడానికి అధికారికమైన నియామకం ఆమెకు తర్వాత దక్కింది. 1898లో ఆమె ఆసుపత్రి తెరుచుకున్నది. 1930లో మరణించేదాకా ఆమె గుంటూరులోనే పనిచేశారు. అనంతపురం పీఠభూమికి మరింత సమీపాన, కదిరికి అవతల ఉన్న మదనపల్లె దగ్గర, 1915లో క్షయరోగుల శానిటోరియం ప్రారంభమైంది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాని తొలి నిర్వాహకుడు. ఆ చోటికి ఆరోగ్యవరం అన్న పేరు నిలిచిపోయింది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ క్రమం ఒకటే. ముందు వైద్యుడో వైద్యురాలో వస్తారు, తర్వాత భవనం లేస్తుంది, దాన్ని వెతుక్కుంటూ రోగి వస్తాడు. అనంతపురంలో అన్నే ఫెర్రర్ కథ ఈ క్రమాన్ని తిరగేసింది. వైద్యం ముందు ఊరికి పోయింది. పెద్ద భవనాలు లేవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

3. ఎసెక్స్ నుంచి అనంతపురానికి

అన్నే పెర్రీ 1947లో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో జన్మించారు. పదహారేళ్ల వయసులో, 1963లో, ప్రాచ్యదేశాల యాత్రగా బయలుదేరి భారతదేశం చేరారు. తిరిగి వెళ్లకుండా బొంబాయిలో ఉండి చదువుకున్నారు, 'కరెంట్' వారపత్రికలో పాత్రికేయురాలిగా చేరారు. 1968లో ఒక వార్త కోసం ఆమె కలిసిన వ్యక్తి విన్సెంట్ ఫెర్రర్.

ఫెర్రర్ అప్పటికే వివాదాస్పదమైన మనిషి. 1920లో బార్సిలోనాలో పుట్టి, స్పెయిన్ అంతర్యుద్ధంలో యువసైనికుడిగా పనిచేసి, తర్వాత జెసూట్ సంఘంలో చేరి, 1952లో భారతదేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో బావులు తవ్వించే పని చేపట్టారు. ఆ పనికి వచ్చిన జనాదరణ స్థానిక పెద్దలకు కంటగింపయింది. 1968లో దేశం విడిచి వెళ్లమని ప్రభుత్వం ఆదేశించింది. రైతులు వేల సంఖ్యలో బొంబాయి దాకా నడిచి నిరసన తెలిపారు. ఇందిరాగాంధీ జోక్యంతో ఆయన మరుసటి ఏడాది తిరిగి రాగలిగారు, కానీ మహారాష్ట్రకు కాదు. 1969లో ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం ఆయన కొత్త చోటయింది. ఆయనతో పాటు వచ్చిన చిన్న బృందంలో, ఉద్యోగం వదులుకున్న అన్నే ఒకరు. అదే ఏడాది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, జిల్లా జనం నోట ఆర్డీటీ, మొదలైంది. 1970లో ఫెర్రర్ జెసూట్ సంఘాన్ని విడిచిపెట్టారు, ఇద్దరూ వివాహం చేసుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అన్నే మిషనరీగా రాలేదు. ఆమెను పంపిన సంఘం లేదు, పిలిచిన ఆసుపత్రి లేదు, వెనక్కి రమ్మనే బోర్డు కూడా లేదు. కుగ్లర్ వైద్యురాలై ఉండి వైద్యం చేయడానికి అనుమతి కోసం ఆగవలసి వచ్చింది. అన్నే వైద్యురాలు కాకుండానే వైద్యసేవల బాధ్యతకు చేరుకున్నారు. తెలుగునాట విదేశీ మహిళల వైద్యసేవ గురించి రాసేటప్పుడు మనం అందరినీ 'మిషనరీ' అన్న ఒకే గంపలో వేస్తున్నాం. ఆ గంపలో ఈమె ఇమడరు.

4. మందుల కాలం, సేద్యపు కాలం

ఈ నేలలో జబ్బును నయం చేయడానికి వచ్చినవారు ముందుగా తెలుసుకోవలసింది వైద్యశాస్త్రం కాదు, ఇక్కడి ఏడాది ఎలా గడుస్తుందన్నది. ఈ అంశాన్ని క్షయరోగంతో విశదం చేయవచ్చు.

ముంగారు వాన జూన్, జూలైలలో పడితే శెనక్కాయ విత్తుతారు. పంట నాలుగు నెలలు. అక్టోబరు, నవంబరులలో పీకి, కాయ విడదీస్తారు. వాన సరిగా పడని ఏడాది, అంటే ఎక్కువ ఏళ్లలో, ఆ తర్వాత ఊళ్లో పని ఉండదు. మళ్లీ మేఘం కనిపించేదాకా ఐదారు నెలలు బయటే బతకాలి. ఇది సేద్యపు కాలం.

1970లలో క్షయకు అందుబాటులో ఉన్న మామూలు చికిత్స స్ట్రెప్టోమైసిన్ సూదులు, ఐసోనియాజిడ్, థయాసిటజోన్ మాత్రలు. అది పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు సాగాలి. అంటే ఏ నెలలో మొదలుపెట్టినా, ఆ చికిత్స కనీసం ఒక వలసకాలాన్ని దాటుకుని పోక తప్పదు. రెండు మూడు నెలలు మందులు పడగానే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. సత్తువ వచ్చిన కూలీ చేసే మొదటి పని మూట కట్టుకుని బండెక్కడం. జబ్బు నయమవుతున్నదన్న గుర్తే చికిత్స ఆగిపోవడానికి కారణమయ్యేది. మధ్యలో మానేసిన మందులకు క్రిమి అలవాటు పడుతుంది, తిరగబెట్టిన జబ్బు మునుపటికంటే మొండిది అవుతుంది.

ఆరోగ్యవరం నమూనా ఈ చిక్కుకు ఒక జవాబు చెప్పింది. రోగిని నెలల తరబడి మంచం మీదే ఉంచడం ఆ జవాబు. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంటికి అది పనికిరాదు. 1950ల చివర మద్రాసులోని క్షయ చికిత్సా కేంద్రంలో వాలెస్ ఫాక్స్ బృందం జరిపిన పరిశోధన మరో జవాబు చూపింది. ఇంటి దగ్గరే మందులు తీసుకున్నవారు కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకుంటారని అది రుజువు చేసింది. ప్రపంచవ్యాప్తంగా క్షయ చికిత్సను మార్చేసిన ఫలితమది. ఆరోగ్యవరం వంటి శానిటోరియాల యుగం ముగియడానికి అదే నాంది.

అయితే ఆ గొప్ప ఫలితం కింద ఒక నమ్మకం దాగి ఉంది. ఇల్లు అంటే ఉన్నచోటే ఉండేదని, ఇంటి దగ్గర అంటే రోగి దొరికే చోటని. మద్రాసు నగరపు పేటలకు అది నిజం కావచ్చు. అనంతపురంలో ఇంటికి తాళం పడుతుంది. ఇంటిచికిత్స అనే ఆలోచన ఈ పీఠభూమికి వచ్చేసరికి మరో మెట్టు దిగవలసి వచ్చింది. మందు ఇంటికి చేరితే చాలదు. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఊళ్లో ఉంటారో, ఎప్పుడు ఎవరి వెంట ఎక్కడికి పోతారో, ఎప్పుడు తిరిగి వస్తారో తెలిసిన మనిషి ఆ ఊళ్లోనే ఉండాలి. అటువంటి సమాచారం ఆసుపత్రి రిజిస్టరులో దొరకదు, బావి దగ్గర దొరుకుతుంది.

ఆర్డీటీ వైద్యసేవ మొదటి దశాబ్దాల్లో ఊరి ఆరోగ్య కార్యకర్త మీద ఆధారపడటానికి కారణం పేదరికమో, వైద్యుల కొరతో మాత్రమే కాదని నా అభిప్రాయం. ఆ కొరత నిజమే. కానీ డబ్బు ఉండి, 1975లోనే బత్తలపల్లిలో మూడు వందల పడకల ఆసుపత్రి కట్టి ఉన్నా, క్షయరోగి జనవరిలో బెంగళూరు బండెక్కడాన్ని అది ఆపగలిగేది కాదు.

5. ఊరి మనిషి

1970ల భారతదేశంలో ఇది ఒక్క అనంతపురంలో పుట్టిన ఆలోచన కాదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మాబెల్ అరోలే దంపతులు 1970 నుంచి పల్లె స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. కేంద్రప్రభుత్వం 1977 అక్టోబరు 2న సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకాన్ని ప్రారంభించింది. 1978లో అల్మా-అతా సభ ప్రాథమిక ఆరోగ్యసేవ అన్న మాటను ప్రపంచానికి ఇచ్చింది. ప్రభుత్వ పథకం కొద్ది ఏళ్లలోనే నీరసించింది. ఆశా కార్యకర్తల రూపంలో అది మళ్లీ రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. ఆ నడుమ కాలంలో ఈ పద్ధతిని ఆపకుండా సాగించిన కొద్ది చోట్లలో అనంతపురం ఒకటి.

ఊరి ఆరోగ్య కార్యకర్త చేసే పని పట్టికలో చూస్తే చిన్నదిగా ఉంటుంది. గర్భిణిని గుర్తించడం, చంటిపిల్లను తూయడం, మాత్ర మింగించడం, జ్వరం ముదిరితే ఆసుపత్రికి పంపడం. పట్టికలో లేనిది కులం. ఆర్డీటీ తన పనిని ప్రధానంగా దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాల మధ్య చేసింది. ఊరిబయటి పేట స్త్రీ ఒక బిడ్డ రెక్క పట్టుకుని చుట్టుకొలత కొలుస్తున్నదంటే, అది ఆరోగ్య కార్యక్రమమే కాక మరొకటి కూడా. ఎవరు ఎవరిని తాకవచ్చునన్న ప్రశ్న అక్కడ మళ్లీ తలెత్తుతుంది. ఆరోగ్య చరిత్రలు ఈ వైపు చూడవు, దళిత సాహిత్య విమర్శ ఆసుపత్రి వైపు చూడదు. రెండు రంగాల నడుమ ఈ స్త్రీ కనబడకుండా పోయింది.

అన్నే ఫెర్రర్ పాత్ర ఈ దశలో ఏమిటి? ఆమె సూది వేయలేదు, మందు రాయలేదు. పనిని పంచడం, అడగడం, వినడం, రాసుకోవడం, మళ్లీ వెళ్లి చూడడం ఆమె పని. స్త్రీల సంఘాల పని, ఆరోగ్యపు పని ఆమె చేతుల్లో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పాత్రికేయ వృత్తి ఇచ్చిన శిక్షణ ఇక్కడ పనికివచ్చిందని అనిపిస్తుంది. వైద్యవిద్య లేకపోవడం ఆమెకు ఒక విధంగా మేలే చేసి ఉండాలి. వైద్యురాలైతే రోగుల వరుస ఆమెను గదిలో కూర్చోబెట్టేది.

6. బత్తలపల్లి

1990ల దశకం నుంచి సంస్థ ఆసుపత్రులు కట్టడం మొదలుపెట్టింది. కణేకల్లు, కళ్యాణదుర్గం, ఆపైన బత్తలపల్లి. ఈ మూడు పేర్లను పటం మీద పెట్టి చూడాలి. కణేకల్లు రాయదుర్గం వైపు, అంటే 1953లో తన పట్నాన్ని పోగొట్టుకున్న పడమటి అంచున ఉంది. కళ్యాణదుర్గం జిల్లాలో అతి తక్కువ వాన పడే భాగంలో ఉంది. బత్తలపల్లి అనంతపురం నుంచి కదిరి పోయే దారి మీద, ధర్మవరానికి సమీపాన ఉంది. ఒక్కటీ జిల్లా కేంద్రంలో లేదు. 2000లో బత్తలపల్లి ఆసుపత్రి ప్రారంభమైంది. అదే ఏడాది అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. ఈ యాదృచ్ఛికాన్ని జిల్లా వైద్యచరిత్రలో ఒక మలుపుగా తీసుకోవచ్చు. ముప్పై ఏళ్లపాటు ఊరి నుంచి పైకి పంపిన రోగికి చేరవలసిన చోటు అప్పటికి ఏర్పడింది.

ఆసుపత్రుల విభాగం బాధ్యతను అన్నే చూశారు. 1996లో స్పెయిన్‌లో ఏర్పడిన విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ ద్వారా, అక్కడి వేలాది సాధారణ కుటుంబాలు నెలనెలా పంపే చందాలే ఆసుపత్రికి ప్రధానాధారం. 1998లో విన్సెంట్ ఫెర్రర్‌కు లభించిన ఆస్తూరియాస్ యువరాజు పురస్కారం స్పెయిన్‌లో ఈ సంస్థకు మరింత గుర్తింపు తెచ్చింది. రాష్ట్రప్రభుత్వం 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చేనాటికి, ఖర్చు లేకుండా పెద్ద ఆసుపత్రిలో చేరవచ్చునన్న అనుభవం ఈ జిల్లా పల్లెలకు కొత్త కాదు.

7. తప్పిపోయే రోగి

2000ల దశకంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవి అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. వలస కూలీలను, లారీ డ్రైవర్లను ఈ వ్యాధి ఒక సమూహం నుంచి మరొక సమూహానికి చేరే వంతెనగా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ గుర్తించింది. జాతీయ రహదారి చీల్చుకుంటూ పోయే, సగం ఏడాది మగవాళ్లు బయట బతికే జిల్లాకు ఆ వర్గీకరణ ఏ అర్థం ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం ప్రారంభించింది. బత్తలపల్లిలో అంటువ్యాధుల విభాగం ఈ రోగులకు మందులు, పరీక్షలు, పడక అన్నీ ఉచితంగా ఇచ్చే చోటయింది. స్పెయిన్ నుంచి వచ్చిన డాక్టర్ గెరార్డో అల్వారెజ్-ఉరియా బృందం ఆ రోగుల వివరాలతో 'విన్సెంట్ ఫెర్రర్ హెచ్ఐవి కోహార్ట్' పేర పరిశోధనలు ప్రచురించింది.

ఆ పరిశోధనల శీర్షికలు చదివితే, నాలుగో భాగంలో చెప్పిన క్షయరోగి మళ్లీ కనబడతాడు. ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చేవారి గురించి ఒకటి, పరీక్షలో బయటపడ్డాక మళ్లీ రాకుండా జారిపోయేవారి గురించి మరొకటి. జబ్బు మారింది, మందు మారింది. పద్దెనిమిది నెలల చికిత్స జీవితాంతపు చికిత్స అయింది. ఇక్కడి వైద్యుల ముందున్న ప్రశ్న మాత్రం మారలేదు: మందు మొదలుపెట్టిన మనిషి రేపు ఎక్కడ ఉంటాడు? నమోదైన రోగుల్లో చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న స్త్రీలు పెద్దసంఖ్యలో ఉండటం ఆ పరిశోధనలు బయటపెట్టిన మరో విషయం. వలస పోయినవాడు తెచ్చిన జబ్బు, ఊళ్లో ఉండిపోయిన ఆమెకు మిగిలింది. కరువు సాహిత్యం వలస పోయినవాడి వెంట నడిచినంత దూరం ఈమె వెంట నడవలేదన్నది సాహిత్య విద్యార్థిగా నా ఫిర్యాదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇదే ఆసుపత్రిని జిల్లా యంత్రాంగం కోవిడ్ చికిత్సకు వినియోగించుకున్నది. ఆ వేసవిలో వలస కూలీలందరూ ఒకేసారి ఊళ్లకు తిరిగి వచ్చారు. ఏళ్ల తరబడి బయటికి పోవడమే చూసిన దారుల్లో జనం నడుస్తూ వెనక్కి రావడం కనిపించింది.

8. పేరు, ఆధారాలు

2009 జూన్ 19న విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మరణించారు. ఆయన సమాధి బత్తలపల్లిలోనే ఉంది. ఆ తర్వాత సంస్థ నాయకత్వం అన్నేకు వచ్చింది. జిల్లాలో చాలా ఊళ్లలో ఫెర్రర్ విగ్రహాలున్నాయి, కొన్ని ఇళ్లలో ఆయన పటం దేవుడి పటాల పక్కన ఉంటుంది. స్పెయిన్‌లో 2013లో ఆయన జీవితం మీద టెలివిజన్ చిత్రం వచ్చింది, ఇమనోల్ అరియాస్ ఆయన పాత్ర ధరించారు. స్పెయిన్ వారికి ఆమె 'అన్నా', తెలుగు పత్రికలకు 'అన్నే'. ఏ భాషలోనైనా ఆమె పరిచయం 'ఫెర్రర్ భార్య' అన్న మాటతోనే మొదలవుతుంది. ఆయన వెళ్లిపోయాక ఆమె నడిపిన కాలం ఇప్పటికే ఒక దశాబ్దాన్ని దాటింది. పరిచయ వాక్యం మాత్రం మారలేదు.

ఈ విషయంపై లిఖిత సామగ్రి స్పానిష్‌లో ఎక్కువ, ఇంగ్లీషులో కొంత, తెలుగులో పత్రికా వార్తలే. దాతలకోసం రాసిన రాతల్లో కృతజ్ఞత పాలు ఎక్కువగా ఉంటుంది. వైద్య పత్రికల్లో రోగి ఒక అంకె. రెండింటిలోనూ లోపించేది ఊరి గొంతు. విరాళంపై నడిచే వైద్యం ప్రభుత్వం చేయవలసిన పనిని తన నెత్తిన వేసుకుంటున్నదా అన్న ప్రశ్న కూడా ఆ రాతల్లో ఉండదు. నేను ఆ ప్రశ్నను తీసివేయదగినదని అనుకోను. వైద్య కళాశాల కోసం ఈ జిల్లా పొరుగు జిల్లాకంటే నలభైమూడేళ్లు ఎక్కువ ఎదురుచూసింది. ఆ ఖాళీ లేకపోతే బత్తలపల్లి అవసరం ఇంత ఉండేది కాదు.

ఆ ఆధారం ఎంత సన్ననిదో 2025లో తెలిసింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద సంస్థ అనుమతి పునరుద్ధరణ నిలిచిపోయింది. అనంతపురంలో జనం ర్యాలీలు తీశారు. మన్మాడ్ రైతులు ఒకనాడు ఒక మనిషిని ఉంచమని నడిచారు. ఇక్కడివారు ఆసుపత్రిని ఉంచమని నడిచారు. ఈ రెండు నడకల నడుమ యాభై ఏడేళ్లు గడిచాయి.

9. మిగిలిన పని

జిల్లాల విభజన తర్వాత బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాకు, కణేకల్లు, కళ్యాణదుర్గం అనంతపురం జిల్లాకు పోయాయి. ఇకపై ఈ చరిత్రను వెతికేవారు రెండు కలెక్టరేట్ల మెట్లు ఎక్కాలి. అనంతపురంలో ఇదే సంస్థ విదేశీ భాషల పాఠశాల నడుపుతున్నది. పల్లెల నుంచి వచ్చిన యువతీ యువకులు అక్కడ స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్ నేర్చుకుని ఉద్యోగాలకు పోతున్నారు. వాళ్లది కూడా వలసే. కానీ వాళ్లు కూలి మూట కట్టుకుని పోవడం లేదు. ఆ తేడాను పరిశోధకులు వేరుగా పరిశీలించాలి.

అంతకంటే తొందరగా చేయవలసింది మరొకటి ఉంది. 1970లలో ఊరి ఆరోగ్య కార్యకర్తలుగా చేరిన యువతులకు ఇప్పుడు డెబ్బై ఏళ్ల పైమాటే. వారి అనుభవాలను వారి మాండలికంలోనే రికార్డు చేయడం తెలుగు శాఖలకు సాధ్యమైన పని. మొదటిసారి ఎవరి వాకిట్లో అడుగు పెట్టారు, ఎవరు లోపలికి రానివ్వలేదు, నవంబరులో బండెక్కబోయే మనిషికి మాత్రలు ఎన్ని నెలలకు కట్టి ఇచ్చారు, వాటిని ఏ గుడ్డలో కట్టారు, ఎన్నెన్ని చొప్పున మింగాలో చదువురానివాళ్లకు ఎలా గుర్తుపెట్టారు అని వారిని అడగాలి.